పెట్టె మార్చే ముందు, పాతది ఎందుకు పాడైందో చూడండి
లెటర్‌బాక్సింగ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ శీర్షిక మొదటిసారి చదువుతున్నవారికి రెండు ముక్కలు. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడుభూముల్లో క్రాన్‌మియర్ పూల్ అనే మారుమూల చోటుంది. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు అక్కడ ఒక సీసా పెట్టాడు. అంతదూరం నడిచి వచ్చినవాళ్లు తమ పేరున్న కార్డు అందులో వేసి వెళ్లేవారు. లెటర్‌బాక్సింగ్ మొదలైంది అక్కడే. ఇప్పుడు సీసా బదులు మూత గట్టిగా పడే చిన్న పెట్టె, అందులో ఒక రబ్బరు స్టాంపు, ఒక లాగ్‌బుక్ ఉంటాయి. క్లూ చదువుకుంటూ వెళ్లి పెట్టెను వెతికి పట్టుకోవాలి. అందులోని స్టాంపును మన పుస్తకంలో, మన స్టాంపును దాని లాగ్‌బుక్‌లో వేసి, పెట్టెను ఉన్నది ఉన్నట్టు దాచి రావాలి. పెట్టడం ఒక్కరోజు పని, చూసుకోవడం ఏళ్ల తరబడి పని. ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఆ రెండో పని గురించే.

ప్రశ్న: నాలుగువైపులా క్లిప్పులున్న ప్లాస్టిక్ డబ్బా వాడాను. మూతలో రబ్బరు పట్టీ కూడా ఉంది. బకెట్టులో ముంచి చూస్తే చుక్క కూడా లోపలికి పోలేదు. అడవిలో పెట్టిన మూడు నెలలకే నీళ్లు చేరాయి. కొత్త డబ్బా తెచ్చి పెట్టినా అదే కథ. ఇంతకంటే మంచి డబ్బా ఏముంది?

జవాబు: డబ్బా మంచిదే కావచ్చు, మీ పరీక్షే సరిపోలేదు. ఇంట్లో డబ్బాదీ నీళ్లదీ ఒకే వేడి. బయట అలా ఉండదు. ఎండకు 40 డిగ్రీలకు కాగిన డబ్బా మీద వాన పడి 20 డిగ్రీలకు చల్లబడిందనుకోండి. లోపలి గాలి ఒత్తిడి సుమారు 6 శాతం పడిపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి డబ్బా బయటినుంచి పీలుస్తుంది. అప్పటికి మూత చుట్టూ ఉన్న గాడిలో నీళ్లు నిలిచి ఉంటే, పీల్చేది గాలిని కాదు, ఆ నీళ్లనే. లీటరు డబ్బా అయితే ఒక్క వానకు 60 మిల్లీలీటర్ల దాకా లాగగలదు. దీనికి పెద్ద చిల్లు అక్కర్లేదు, పట్టీ కింద ఒక వెంట్రుకో నాలుగు ఇసుక రేణువులో ఉంటే చాలు.

కాబట్టి పరీక్ష ఇలా చేయండి. టిష్యూ కాగితం మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీసి డబ్బాలో వేసి మూత పెట్టండి. గంటసేపు ఎండలో ఉంచి, వేడిగా ఉండగానే చల్లటి నీళ్లలో ముంచి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున బయటంతా తుడిచాకే తెరవండి. గీతలు ఎక్కడ చెదిరి పాకాయో ఆ పక్కనే లోపం ఉన్నట్టు. ఒక మూలే అయితే పట్టీ ఊడదీసి, గాడి కడిగి, ఆరబెట్టి మళ్లీ అమర్చండి. పట్టీకి గ్రీజు, వాజిలిన్ లాంటివి రాయొద్దు. వాటికి మట్టి అంటుకుని ఉన్న బిగువు కూడా పోతుంది.

పరీక్షలో నెగ్గిన డబ్బా కూడా తడిసిందంటే మూడు అనుమానాలు మిగులుతాయి. మొదటిది కవరు మూల. లోపలి జిప్ కవరు మూల ఒకటి మూత కింద చిక్కుకుంటుంది, మూసినవాళ్లు గమనించరు. క్లిప్పులు నాలుగూ టక్కుమని పడతాయి కూడా. కానీ పట్టీకీ గాడికీ మధ్య ఆ కవరు మడత సన్నటి కాలువలా నీళ్లను లోపలికి తీసుకెళుతుంది. తడిసిన పెట్టెల్లో ఎక్కువ వాటికి ఇదే కారణమని మా అభిప్రాయం. దీనికి మందు పెద్ద డబ్బా. సామాను పెట్టాక నాలుగువైపులా వేలెడు ఖాళీ, పైన రెండు వేళ్ల ఖాళీ ఉండాలి. కుక్కి పెట్టాల్సి వచ్చిందంటే డబ్బా చిన్నదన్నమాట.

రెండోది చోటు. చెట్టు మొదట్లో తొర్ర చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ వాన పడితే అది కుండే. ఈసారి వెళ్లినప్పుడు డబ్బా పక్కలను చూడండి. బురద గీత ఎంత ఎత్తున ఉందో నీళ్లు అంత ఎత్తుకు నిలిచినట్టు. అలాంటి చోట ఎంత ఖరీదైన డబ్బా అయినా ఓడిపోతుంది. చోటు మార్చండి, లేదా అడుగున మూడు చదును రాళ్లు పేర్చి ఆ గీతకు పైన ఉండేలా పెట్టండి. పూర్తి సమతలంగా కాకుండా కాస్త వాలుగా ఉంచితే మూత గాడిలో నీళ్లు నిలవవు. పైన ఒక రాయి పెట్టడం మరవొద్దు, ఖాళీ ఎక్కువున్న డబ్బా వరదలో తేలి పోతుంది.

మూడోది క్లిప్పు. మూతకు క్లిప్పును కలిపే సన్నటి ప్లాస్టిక్ మడత ఎండకు పెళుసెక్కుతుంది, చలిలో తేలిగ్గా విరుగుతుంది. ఒక్క క్లిప్పు విరిగినా ఆ డబ్బాను మార్చాల్సిందే. మిగతా మూడింటి బలంతో మూత సమంగా అదమదు. రబ్బరు బ్యాండు, టేపు చుట్టడం మూన్నాళ్ల ముచ్చట.

ప్రశ్న: సిలికా జెల్ పొట్లాలు వేస్తే సరిపోదా?

జవాబు: 5 గ్రాముల పొట్లం పీల్చుకునేది మహా అయితే రెండు గ్రాముల నీళ్లు. అంటే 40 చుక్కలు. పైన లెక్క వేసిన 60 మిల్లీలీటర్ల ముందు అదెంత? పైగా పెట్టె తెరిచిన ప్రతిసారీ కొత్త గాలి, కొత్త తేమ. మూత బిగువుగా ఉంటే పొట్లం అవసరం తక్కువ, బిగువుగా లేకపోతే ఉపయోగం తక్కువ.

ప్రశ్న: లాగ్‌బుక్ మొత్తం నాని ముద్దయింది. అయిదేళ్ల స్టాంపులున్నాయి అందులో. ఎండలో పెడితే పేజీలు అట్టలు కట్టేలా ఉన్నాయి. దక్కించుకునే దారి ఉందా?

జవాబు: చాలావరకు దక్కుతుంది, తొందరపడకపోతే. ముందు గడియారం చూసుకోండి. తడిసిన కాగితానికి సుమారు 48 గంటల్లో బూజు మొదలవుతుంది. ఈలోగా ఆరబెట్టే తీరిక లేకపోతే, పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేయండి. బూజు ఆగుతుంది, తీరిక దొరికినరోజు తీసి పని మొదలుపెట్టొచ్చు.

నీళ్లు కారుతున్న పుస్తకాన్ని తెరవబోకండి, పేజీలు గుజ్జులా చిరుగుతాయి. మూసి ఉండగానే తువ్వాలు మీద నిలబెట్టి నీళ్లు ఓడనివ్వండి. కారడం ఆగాక, సులువుగా విడివడిన చోట మాత్రమే తెరిచి, ఎనిమిది పది పేజీలకొకటి చొప్పున తెల్లటి టిష్యూ పెట్టండి. రంగు టిష్యూ వద్దు, దాని రంగు దిగుతుంది. టిష్యూలను రెండు మూడు గంటలకోసారి మార్చండి. అదే పనిగా కుక్కితే పుస్తకం వెన్ను విరుగుతుంది. పేజీలు చేతికి చెమ్మగా మాత్రమే తగులుతున్నప్పుడు, అట్టలు విసనకర్రలా విప్పి నిలబెట్టి ఫ్యాన్ గాలి తగలనివ్వండి. గాలి నేరుగా పేజీల మీద కాదు, గదిలో తిరగాలి. ఎండ, హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీపెట్టె మూడూ వద్దు. ఎండకు రంగులు వెలుస్తాయి, వేడికి కాగితం ముడతలు పడుతుంది. పూర్తిగా ఆరాక రెండు అట్టల మధ్య పెట్టి రెండురోజులు బరువు కింద ఉంచితే చదును అవుతుంది.

అప్పటికే బూజు పట్టి ఉంటే, ఆరాక, ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులపండి. తడి మీద తుడిస్తే బూజు కాగితంలోకి ఇంకుతుంది.

ఒక్కో పేజీ విడివడగానే ఫోటో తీయండి. పుస్తకం బాగుపడినా దాన్ని మళ్లీ అడవికి పంపొద్దు, దాని పని అయిపోయింది. ఇంట్లో దాచుకుని, పెట్టెలో కొత్తది పెట్టండి. ఆ కొత్త పుస్తకం ఎంచుకునేటప్పుడే జాగ్రత్త పడాలి. స్టేపుల్ పిన్నులున్నది వద్దు, తుప్పు మరక చుట్టూ కాగితం చివికిపోతుంది. తీగ చుట్ట బైండింగు వద్దు, తీగ కొస కవరుకు చిల్లు పెడుతుంది. నున్నటి మెరుపు కాగితం అసలే వద్దు, తడిస్తే పేజీలు ఇటుకలా అతుక్కుపోతాయి. దారంతో కుట్టిన మందపాటి మామూలు కాగితమే మేలు. నీళ్లకు తడవని ప్రత్యేక కాగితం కొందరు వాడతారు కానీ దాని మీద ఇంకు త్వరగా ఆరదు, స్టాంపు ఎదుటి పేజీకి అంటుతుంది. రాయడానికి పెట్టెలో పెన్సిల్ ఉంచండి. జెల్ పెన్ను రాత ఒక్క చుక్కకే పాకుతుంది, పెన్సిల్ రాత నానినా చెరగదు. మొన మాత్రం మొద్దుగా ఉండాలి.

ప్రశ్న: ఎరేజర్ మీద చెక్కిన స్టాంపును చిన్న గట్టి ప్లాస్టిక్ డబ్బీలో వేసి పెట్టెలో ఉంచాను. ఏడాదికి చూస్తే డబ్బీకి కరిగి అంటుకుపోయింది. అంత వేడి అక్కడ లేదే?

జవాబు: ఇది వేడి పని కాదు. తెల్లటి వినైల్ ఎరేజర్లలో వాటిని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఉంటుంది. అది మెల్లగా బయటికి ఊరి, తగిలిన గట్టి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. పెన్సిల్ బాక్సులో వదిలేసిన ఎరేజర్ అడుగున గుంట పడటం చూసే ఉంటారు, ఇదీ అదే. స్టాంపును పాత నూలుగుడ్డ ముక్కలో చుట్టి, దానికంటూ విడిగా ఒక జిప్ కవరులో పెట్టండి. లాగ్‌బుక్ కవరు వేరు, స్టాంపు కవరు వేరు. తడి ఇంకుతో స్టాంపు లోపలికి వెళ్లడం మామూలే, ఆ తడి పుస్తకానికి చేరకూడదు.

పనిలో పని, ఇంకొకరు అడిగిన చెక్క పిడి సంగతి కూడా. తేమకు చెక్క ఉబ్బుతుంది, రబ్బరు ఉబ్బదు, మధ్యలో జిగురు విడిపోతుంది. తెల్ల జిగురైతే తేమకు మెత్తబడుతుంది కూడా. పిడి కావాల్సిందే అంటే రెండువైపులా గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, చెప్పులు అతికించే రకం జిగురు రెండింటికీ పల్చగా పూయండి. పది నిమిషాలకు జిగట తేలాక నొక్కి, ఒకరోజు బరువు కింద ఉంచండి. మమ్మల్నడిగితే, రబ్బరు మందం 8, 10 మిల్లీమీటర్లుంటే పిడే వద్దు. వేళ్లతో పట్టుకుని వేసినా చక్కగా పడుతుంది, ఊడిపోయే భాగం ఒకటి తగ్గుతుంది.

ప్రశ్న: వేరేవాళ్లు పెట్టిన పెట్టె కోసం రెండుసార్లు వెళ్లాను, దొరకలేదు. పోయిందనే నమ్మకం. క్లూ ఉన్న చోటే నేనొక కొత్త పెట్టె పెట్టి పుణ్యం కట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. మీకు దొరకకపోవడం వేరు, పెట్టె లేకపోవడం వేరు. పాతది మూడడుగుల అవతల క్షేమంగా ఉండి, మీది ఇక్కడ ఉంటే, రేపు వచ్చేవాళ్లకు రెండు పెట్టెలు, ఒక క్లూ. పైగా ఆ స్టాంపు పెట్టినవారి చేతిపని. దాని బదులు మరొకటి పెడితే అది వాళ్ల పెట్టె కాదు.

ముందు సరిగ్గా వెతికారో లేదో చూసుకోండి. క్లూ చెప్పిన చోటునుంచి పది పదిహేను అంగల మేర, అదే తరహా దాపులన్నీ చూడాలి. పల్లంవైపు ఎక్కువ చూడండి, వాననీళ్లు పెట్టెను అటే తోస్తాయి. క్లూలోని అంగ అంటే ఎంత అన్నది మరో చిక్కు. కొందరికి ఒక అడుగే ఒక అంగ, కొందరికి కుడికాలు మళ్లీ నేల తాకేదాకా, అంటే రెండడుగులు. 40 అంగలని ఉంటే రెండు లెక్కల్లోనూ వెతకండి. నేలమీద మూత ముక్క, చిరిగిన కవరు, రెండు మూడు పేజీలు కనబడితే అది గట్టి సాక్ష్యం. ఏమీ లేకపోతే, వెళ్లిన తేదీ, వెతికిన చోటు పెట్టినవారికి తెలియజేసి ఊరుకోండి. వేర్వేరు మనుషులు ఇద్దరు ముగ్గురు ఇదే మాట చెప్పాక పెట్టినవారు తేల్చుకుంటారు.

దొరికిన పెట్టెకు చిన్న మరమ్మతు చేయడం మాత్రం మర్యాదే. సంచిలో రెండు మందపాటి జిప్ కవర్లు, టిష్యూ, ఒక పొడిగుడ్డ, పెన్సిల్ ముక్క వేసుకు తిరగండి. డబ్బా తుడవడం, పట్టీలో మట్టి తీయడం, చిరిగిన కవరు మార్చడం ఎవరినీ అడగకుండా చేయొచ్చు. లాగ్‌బుక్ మార్చడం, స్టాంపు ఇంటికి తెచ్చుకోవడం అడగకుండా చేయకూడదు.

ప్రశ్న: నా పెట్టె నిజంగానే పోయింది. మళ్లీ పెడతాను. స్టాంపు మళ్లీ చెక్కాలి, నా దగ్గర దాని ముద్ర ఒకటి కాగితం మీద ఉందంతే. అద్దంలో తిప్పినట్టు గీసుకోవాలా?

జవాబు: అక్కర్లేదు, ఆ తిప్పడం తనంతట తనే జరుగుతుంది. ముద్ర మీద ట్రేసింగ్ కాగితం పెట్టి, 2బి లాంటి మెత్తటి పెన్సిల్‌తో గీయండి. పెన్సిల్ గీసిన వైపును రబ్బరుకు ఆనించి, వెనకనుంచి చెంచా అడుగుతో రుద్దండి. బొమ్మ రబ్బరు మీద తిరగేసి పడుతుంది. చెక్కాక ముద్ర వేస్తే మళ్లీ సవ్యంగా వస్తుంది. చాలామంది కంగారుపడి ముందే ఒకసారి తిప్పుకుంటారు, అక్షరాలున్న స్టాంపైతే తలకిందుల తలనొప్పి.

చెక్కేటప్పుడు పాతది ఎక్కడ తెగిందో గుర్తుచేసుకోండి. సన్నటి గీతలు తెగేది వాడకం వల్ల కాదు, చెక్కిన తీరు వల్ల. కత్తి మొన గీత కిందికి దూరితే గీత అడుగు గుల్ల అవుతుంది, పదిసార్లు నొక్కేసరికి కూలుతుంది. కత్తిని గీతకు దూరంగా వాల్చి పట్టుకుంటే గోడ గట్టులా కిందికి వెడల్పవుతుంది. లోతు రెండు మిల్లీమీటర్లు చాలు. వంపుల దగ్గర కత్తిని కాదు, రబ్బరును తిప్పండి.

అయ్యాక నున్నటి కాగితం మీద నల్ల ఇంకుతో నాలుగైదు ముద్రలు వేసి, బాగా వచ్చినదాన్ని స్కాన్ చేసి దాచండి. ట్రేసింగ్ కాగితమూ పారేయొద్దు. ఎంత ఒద్దికగా చెక్కినా రెండోది మొదటిదానిలా ఉండదు, ఉండాలని ప్రయత్నించడమూ అనవసరం. ఒక మూల చిన్న గుర్తు చేర్చి, లాగ్‌బుక్ మొదటి పేజీలో 'రెండో స్టాంపు' అని తేదీ వేయండి. మొదటిది వేసుకున్నవాళ్లు దీనికోసం మళ్లీ వస్తారు. క్లూలోనూ ఆ సంగతి చేర్చండి.

పెట్టె ఎందుకు పోయిందో తేలకుండా మాత్రం అదే చోట పెట్టకండి. బాటనుంచి కనబడేదైతే రెండోదీ పోతుంది. మోకాళ్ల మీద కూర్చుని, పిల్లాడి కంటి ఎత్తునుంచి కూడా చూడండి. పెద్దవాళ్ల కంటికి ఆననివి పిల్లలకు ఇట్టే కనబడతాయి. డబ్బా మీద 'ఇది లెటర్‌బాక్స్, ఆటకు సంబంధించినది, దయచేసి ఇక్కడే ఉంచండి' అని చెరగని ఇంకుతో రాయండి. చోటు ఎవరిదో వాళ్ల అనుమతీ కొత్తగా తీసుకోండి, పాత అనుమతి పాత చోటుకే.

ప్రశ్న: పాత రాతిగోడ సందులో పెట్టి, ముందు రాయిని కొంచెం సిమెంటుతో నిలబెడితే ఎవరూ కదపలేరు కదా?

జవాబు: డార్ట్‌మూర్ లెటర్‌బాక్సర్ల నియమావళిలో ఈ రెండూ నిషిద్ధమే. పురాతన కట్టడాలు, రాళ్ల వరుసలు, గోడలు, శిథిలాల్లో పెట్టెలు దాచకూడదు. సిమెంటు, మరే కట్టుబడి సామానూ వాడకూడదు. వెతికేవాళ్లు గోడలో ఒక్క రాయినే కదపరు, పది కదుపుతారు. ఆ గోడ మీ పెట్టెకంటే ముందు కూలుతుంది.

ప్రశ్న: క్లూలో చెప్పిన చెట్టు కూలిపోయింది. పెట్టె ఉంది. ఇంకో చెట్టు పేరు రాస్తే సరా?

జవాబు: అదీ ఒకరోజు కూలుతుంది. కదలని మూడు గుర్తులు ఎంచుకోండి, పెద్ద బండ, గుట్ట కొన, వంతెన మూల లాంటివి. పెట్టె దగ్గర నిలబడి ఒక్కోదానికి దిక్సూచితో డిగ్రీలు తీసుకోండి. చోటు తేల్చడానికి రెండు చాలు, మూడోది మీరు తప్పు చదివారేమో పట్టుకోవడానికి. ఇనుప పెట్టె అయితే దాన్ని మూడు నాలుగు మీటర్లు అవతల పెట్టి మరీ చూడండి, అది ముల్లును తనవైపు లాగుతుంది. డిగ్రీలో ఒక్కటి తప్పినా 100 మీటర్లకు దాదాపు 1.75 మీటర్లు పక్కకు పోతాం, అయిదు డిగ్రీలకు దాదాపు 9 మీటర్లు. అయస్కాంత ఉత్తరం కూడా ఏళ్లు గడిచేకొద్దీ జరుగుతుంది కాబట్టి, కొలిచిన ఏడాది క్లూలో రాయండి. దిక్సూచితో నడిపించే దూరం మాత్రం వీలైనంత తక్కువ ఉంచండి.

ప్రశ్న: డబ్బా మూలలు ఏదో కొరికింది. లోపల ఆహారం ఏమీ పెట్టలేదు.

జవాబు: తిండి డబ్బా మళ్లీ వాడారా? కడిగినా మనకు తెలియని వాసన ఎలుకకు తెలుస్తుంది. సువాసన తడి టిష్యూలూ అంతే. చేతి చెమట ఉప్పు కోసం కొరికే జంతువులూ ఉన్నాయి. కొత్త డబ్బా వాడి, బయట పొడిగుడ్డతో తుడిచి పెట్టండి. చీమలు గుడ్లతో కాపురం పెట్టిన చోటైతే డబ్బా మార్చి లాభం లేదు, చోటే మార్చాలి. ఏ దాపులోనైనా చెయ్యి పెట్టేముందు కర్రతో కదిపి చూడటం మీకూ, వెతికేవాళ్లకూ అలవాటు కావాలి. క్లూ చివర ఆ మాట ఒకటి రాయండి.

ప్రశ్న: వేరే ఊరికి మారుతున్నాను. నాలుగు పెట్టెలున్నాయి. అలాగే వదిలేస్తే ఎన్నాళ్లుంటే అన్నాళ్లుంటాయి కదా?

జవాబు: చూసేవాళ్లు లేని పెట్టె చెత్తే. దగ్గర్లో ఎవరైనా తీసుకుంటానంటే, స్టాంపుల స్కాన్లు, కొలతలు, స్థలం వారి అనుమతి కాగితం అన్నీ వాళ్లకు అప్పగించండి. ఎవరూ లేకపోతే ముందు క్లూ ఆపేయండి, తర్వాత పెట్టెలు తీయండి. ఈ వరస తప్పితే లేని పెట్టె కోసం జనం రాళ్లు తిరగేస్తారు. లోపల ఒక పెట్టెనుంచి మరో పెట్టెకు తిరిగే అతిథి స్టాంపు ఉంటే, అది మీది కాదు, తర్వాత దొరికిన పొడి పెట్టెలో దాన్ని దించండి. అడుగున పేర్చిన రాళ్లను ఎక్కడివక్కడ పెట్టేసి రండి.